పొర మార్చిన రాత్రి

మూత విప్పగానే ముందొచ్చేది వాసన.
పాత ద్రవం, తుప్పు, కొంచెం చేప.
తెల్లవారుజాము మూడున్నర. హోమా బే వైపు దీపాలు
ఆరీ ఆరనట్టున్నాయి.
తెప్ప మీద కూర్చుని, నుదుటికి టార్చి కట్టుకుని,
ఒళ్ళో తువ్వాలు పరుచుకున్నాను.
ఈ పనిలో చేజారిందల్లా సరస్సుదే.
పోయినేడు ఒక రబ్బరు రింగు అలాగే సమర్పించుకున్నాను.

మీటరు ఒకటి పాయింట్ ఎనిమిది అంటోంది.
సాయంత్రం ఆరు పైన ఉండింది.
"నీ డబ్బా చెడింది, అపోండి,"
ఫోన్లో మేనేజరు ఒదెరో, నిద్ర గొంతుతో.
"ముందు దాన్ని బాగుచెయ్యి.
తర్వాత నన్ను లేపు."

సరే.
పొర చూశాను. గోరంత వెడల్పు,
ఉల్లిపొర కన్నా పల్చన, మధ్యలో ఒక ముడత.
ముడత పడ్డ పొర అబద్ధమాడుతుంది, ఒప్పుకుంటాను.
తీసేశాను.
లోపల బంగారు చుక్క, చుట్టూ వెండి,
ఏళ్ళ తరబడి ఎవరూ పెట్టుకోని చెవిపోగులా నల్లబడి.
గరుకు కాగితం తడిపి, ఒకే దిక్కుకి రుద్దాను.
గట్టిగా రుద్దితే బంగారం పోతుంది.
మెత్తగా రుద్దితే మకిలి పోదు.
ఎంత గట్టిగా అన్నది మాన్యువల్లో లేదు.
వేలికి తెలియాలి.

కొత్త మూతలో ద్రవం పొయ్యాలి.
ఉప్పునీళ్ళే, పేరు మాత్రం పెద్దది.
సీసా మీద గడువు పోయిన నెలతో సరి.
గడువులు రాసేవాళ్ళు మా పడవ ఎక్కరు.
పోసి, గోటితో తట్టాలి
బుడగ పైకొచ్చేదాకా.
ఆవగింజంత బుడగ మిగిలినా చాలు
సరస్సంతా క్షేమమని దొంగసాక్ష్యం చెప్పడానికి.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఊరికే.
తడి స్పాంజి వేసిన గొట్టంలో ప్రోబుని పడుకోబెట్టి
గాలిని నూరు అని చదివేదాకా ఆగాలి.

కాపలా ఒసెవె పక్కన చతికిలబడి
వలల వైపు ముక్కు తిప్పాడు.
ముప్పై ఏళ్ళు ఒమెనా పట్టిన వాడి ముక్కు అది.
"అడుగు నీళ్ళు లేచాయమ్మా.
కుళ్ళిన గుడ్డు వాసన రావట్లేదూ?"
నాకు నా ద్రవం తప్ప ఏమీ రావట్లేదన్నాను.
"చేతులు కడుక్కో," అన్నాడు.
కడుక్కున్నాను.
వచ్చింది.

నూరు.
తాడు వదిలాను, నిలువు లోతుకి.
చేత్తో ఆడిస్తూనే ఉండాలి.
ఆపితే తన ముందున్న ఆక్సిజన్ని తనే తినేస్తుంది.
కొలిచేది కూడా కొంత తింటుంది.
కిసుము కాలేజీలో ఆ వాక్యం కింద గీత గీసి,
పరీక్ష రాసి, మర్చిపోయాను.
ఇప్పుడు ఒక ఉక్కు కడ్డీని బతిమాలుతున్నాను,
ఒక్క గుక్క ఎక్కువ తాగకని.

ఒకటి పాయింట్ ఏడు.

కేబుల్ మార్చాను. బ్యాటరీ మార్చాను.
రింగు తీసి, తుడిచి, గ్రీజు రాసి, మళ్ళీ తొడిగాను.
ఒకటి పాయింట్ ఆరు.
మార్చడానికి పెట్టెలో ఇంకేం మిగల్లేదు.

టార్చి వల మీదికి తిప్పాను.
తిలాపియాలు, అరకిలోవి, వచ్చే వారం అమ్మాల్సినవి,
నీటి చర్మానికి నోళ్ళు ఆనించి
తెరుస్తూ, మూస్తూ.
వాన పడుతున్న చప్పుడు.
వాన లేదు.

"బాగుచేశావా?" అన్నాడు ఒదెరో.
"డబ్బా బాగానే ఉంది," అన్నాను.
ఆ మాట అంత చెడ్డ కబురవుతుందని
అనేదాకా నాకూ తెలీదు.

తర్వాత చేసింది అందరూ చేసేదే.
మోటారు పడవల్ని వలల చుట్టూ తిప్పాం,
నాలుగో వల తాళ్ళు కోసి లోపలికి, గాలి తగిలే వైపుకి లాగాం.
రెండు వలలు దక్కాయి.
దక్కనివాటిని ఒసెవె లెక్కపెట్టనివ్వలేదు.

మధ్యాహ్నం లాగ్ పుస్తకం తెరిచాను.
పొర: కొత్తది. ద్రవం: కొత్తది. రింగు: పాతదే.
'కారణం' అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
ముడత, అని రాశాను.
అబద్ధం కాదు. ముడత ఉంది.
పాత పొర ఇంకా జేబులోనే ఉంది.
ఎండకెత్తి పట్టుకుంటే
ముడత పక్కనుంచి సరస్సు కనిపిస్తోంది,
ఏమీ ఎరగనట్టు.